ఆ ఎర్ర ప్లస్ గుర్తు ఎవరిది?

పోయిన సంవత్సరం జూలైలో ఒకరోజు మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక, ఏడో తరగతి పిల్లవాడొకడు మా బడి కొళాయి దగ్గర జారిపడ్డాడు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. చుట్టూ మూగిన పిల్లల్లోంచి ఒక అమ్మాయి ఎవరూ చెప్పకుండానే స్టాఫ్ రూంలోకి పరుగెత్తింది. గోడకు తగిలించిన తెల్లపెట్టెను ఊడబీకి రెండు చేతులా పట్టుకొచ్చింది. మూత తీశాం. లోపల రెండు డబ్బాల సుద్దముక్కలు, ఒక డస్టరు, బీరువా తాళంచెవులు ఉన్నాయి.

ఆ పెట్టె మీద ఎర్ర ప్లస్ గుర్తు ఉంది. వేసింది నేనే. నాలుగేళ్ల కిందట తనిఖీకి వస్తున్నారని తెలిసి, ముందురోజు సాయంత్రం ఎర్ర రంగు డబ్బా కొని, స్కేలు పెట్టి గీసి మరీ వేశాను. మొదట్లో దూది, పట్టీలు, టింక్చరు అన్నీ పెట్టాం. అయిపోయాక మళ్లీ నింపలేదు. పెట్టె ఖాళీగా ఉంది కదా అని సుద్దముక్కలు చేరాయి. గుర్తు మాత్రం అలాగే ఉండిపోయింది.

పిల్లవాడికి పెద్ద ప్రమాదమేమీ కాలేదు. పక్క వీధిలో మందుల దుకాణం ఉంది కాబట్టి పది నిమిషాల్లో కట్టు కట్టేశాం. కానీ పెట్టె తెచ్చిన ఆ అమ్మాయి ముఖం నాకు చాలా రోజులు కళ్లముందు కదిలింది. “గుర్తు ఉంది కదా సార్, అందుకే తెచ్చినా” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ గుర్తు ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఎవరు వాడొచ్చు అని వెతకడం అప్పుడే మొదలుపెట్టాను. వెతుకుతూ పోతే, ఇదే గుర్తు కోసం అమెరికాలో ఒక మహా కంపెనీ, ఒక మహా సేవాసంస్థ కోర్టుకెక్కిన సంగతి తెలిసింది. మన బడుల్లో పిల్లలకు చెప్పదగిన కథ అది.

గనిలో అందరూ చదవగలిగిన అక్షరం

అమెరికా వెళ్లే ముందు మన ఊరి మాట ఒకటి చెప్పుకుందాం. కోలారు బంగారు గనులను 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ చేతికి తీసుకున్న నాటినుంచి, భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడే దాకా, ఇక్కడ భూమి కింద నాలుగైదు భాషలవాళ్లు కలిసి పనిచేశారు. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు, చుట్టుపక్కల పల్లెల కన్నడిగులు, పైన ఆంగ్లో ఇండియన్లు, దొరలు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. అంత లోతులో రాతి ఒత్తిడి ఎక్కువై రాయి ఒక్కసారిగా పగిలి ఎగిసిపడేది. రాక్ బర్స్ట్ అన్న మాట ఇక్కడి ఇళ్లలో చదువురాని ముసలమ్మలకు కూడా తెలుసు.

మా తాత పలమనేరు పక్కనుంచి వచ్చి గనిలో చేరినవాడు. మా నాయన కూడా అక్కడే పనిచేశాడు. నాయనకు తెలుగు చదవడం కొద్దిగా వచ్చు. ఇంగ్లీషు, తమిళం, కన్నడం మాట్లాడతాడు గానీ చదవలేడు. గని లోపల గోడల మీద బోర్డులు చాలావరకు ఇంగ్లీషులోనే ఉండేవట. “వాటిని ఎవుడు చదివినాడు? ఎర్ర గుర్తుండే పెట్టె మాత్రం అందరికీ తెలుసు. ఆడ స్ట్రెచర్ ఉంటుంది, కట్టుగుడ్డ ఉంటుంది. దెబ్బ తగిలినోడు ఏ భాషోడైనా ఆడికే తీసకపోతాం” అని చెప్పేవాడు.

తెలుగు మాధ్యమంలో చదివే మన పిల్లలు ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బస్సు బోర్డు మీద ఇంకో భాష చూస్తూ పెరుగుతారు. ఏ లిపీ రాకపోయినా అర్థమయ్యే గుర్తు విలువ మనకంటే ఎక్కువగా ఎవరికి తెలుస్తుంది?

గుర్తు పుట్టింది యుద్ధభూమిలో

1859 జూన్ 24న ఉత్తర ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర ఫ్రాన్సు, సార్డీనియా సైన్యాలు ఒకవైపు, ఆస్ట్రియా సైన్యం మరోవైపు నిలిచి ఘోరంగా పోరాడాయి. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిసి సుమారు 40,000 మంది. వ్యాపారం పనిమీద అటుగా వచ్చిన స్విట్జర్లాండు వాడు హెన్రీ డ్యునాంట్, దిక్కులేక పడి ఉన్న సైనికులను చూశాడు. పక్క ఊరి ఆడవాళ్లను కూడగట్టి, ఎవరు ఏ పక్షమని చూడకుండా నీళ్లు పోయించాడు, కట్లు కట్టించాడు. తర్వాత ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. దాని ఫలితంగా 1863లో జెనీవాలో రెడ్‌క్రాస్ ఉద్యమం మొదలైంది. 1864 ఆగస్టు 22న 12 దేశాలు మొదటి జెనీవా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తెల్లటి నేపథ్యం మీద ఎర్ర ప్లస్ గుర్తును అప్పుడే ఎంచుకున్నారు. అది స్విట్జర్లాండు జెండాలోని రంగులను తారుమారు చేసిన రూపం. డ్యునాంట్‌కు 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన ఫ్రెడెరిక్ పాసీతో దాన్ని పంచుకున్నాడు.

ఆ గుర్తు చెప్పేది ఒక్కటే. “ఇక్కడ ఉన్నది గాయపడినవాళ్లు, వాళ్లకు సేవ చేసేవాళ్లు. వీళ్ల మీద కాల్చవద్దు.” మందు ఎవరు తయారుచేశారో, ఆస్పత్రి ఎవరిదో అది చెప్పదు. కొన్ని దేశాల్లో దీని బదులు ఎర్ర నెలవంక వాడతారు. 2005 డిసెంబరులో ఎర్ర స్ఫటికం అనే మూడో గుర్తును కూడా ఒప్పుకున్నారు. ఆకారం మారినా అర్థం ఒకటే.

అదే గుర్తు దుకాణంలోకి

ఈ ఉద్యమాన్ని అమెరికాకు తెచ్చింది క్లారా బార్టన్. 1881లో అమెరికన్ రెడ్‌క్రాస్‌ను స్థాపించింది. 1886లో న్యూజెర్సీ రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్‌లో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ పుట్టింది. శుద్ధిచేసిన దూది, కట్టుగుడ్డ, శస్త్రచికిత్స సామాన్లు తయారుచేసేది. 1887 నుంచి తన సరుకు మీద ఎర్ర ప్లస్ గుర్తు వేయడం మొదలుపెట్టింది. 1888లో రైలు మార్గాల పనివాళ్ల కోసం ప్రథమ చికిత్స పెట్టెలు తెచ్చింది. మన గనుల్లో మాదిరిగానే అక్కడ రైలు పనుల్లో చేతులు, కాళ్లు పోగొట్టుకునే కూలీలు ఎక్కువ. కాబట్టి ఆ కంపెనీ చేసిన పని చిన్నదేమీ కాదు.

1895లో క్లారా బార్టన్, కంపెనీ ఒక ఒప్పందానికి వచ్చారు. మందులు, శస్త్రచికిత్స సామాన్ల మీద ఆ గుర్తును వ్యాపార చిహ్నంగా వాడుకునే హక్కు కంపెనీదేనని ఆమె ఒప్పుకుంది. తర్వాత అమెరికా పార్లమెంటు 1900లోనూ 1905లోనూ రెడ్‌క్రాస్‌కు చట్టబద్ధమైన హోదా ఇచ్చి, ఇతరులు ఆ గుర్తు వాడకుండా నిషేధించింది. అయితే 1905 జనవరి 5కు ముందునుంచి న్యాయంగా వాడుతున్నవాళ్లకు మినహాయింపు దొరికింది. జాన్సన్ అండ్ జాన్సన్ ఆ మినహాయింపు కిందకు వచ్చింది. అలా ఒకే గుర్తుకు ఇద్దరు హక్కుదారులు తయారయ్యారు. సుమారు నూరేళ్లు ఇద్దరూ ఎవరి దారిన వాళ్లు నడిచారు.

2004 నుంచి అమెరికన్ రెడ్‌క్రాస్ ఒక కొత్త పని మొదలుపెట్టింది. కొన్ని ప్రైవేటు కంపెనీలకు తన గుర్తును వాడుకునే అనుమతి ఇచ్చింది. ఆ కంపెనీలు గుర్తు వేసిన ప్రథమ చికిత్స పెట్టెలు, విపత్తు సమయంలో వాడే సంచులు, చేతులు శుభ్రం చేసుకునే ద్రవాలు, గోళ్లు కత్తిరించే పరికరాలు వంటివి దుకాణాల్లో అమ్మాయి. అందులో కొంత డబ్బు రెడ్‌క్రాస్‌కు వచ్చేది. 2007 ఆగస్టు 8న జాన్సన్ అండ్ జాన్సన్ న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టులో దావా వేసింది.

పిల్లల కోర్టు

తొమ్మిదో తరగతిలో ఈ కథ ఇక్కడిదాకా చెప్పి ఆపాను. ముందు ట్రేడ్‌మార్కు అంటే ఏమిటో తెలియాలి కదా. మన జిల్లా పిల్లలకు దానికి మామిడిపండు చాలు. శ్రీనివాసపురం మండీలో ఒక వ్యాపారి ఏళ్ల తరబడి మంచి సరుకు పంపి, పెట్టెల మీద తన గుర్తు వేసుకున్నాడనుకోండి. కొనేవాళ్లు మూత తీయకుండానే ఆ గుర్తును నమ్మి కొంటారు. ఇంకొకడు పుచ్చుకాయలు నింపి అదే గుర్తు వేస్తే ఆ వ్యాపారికి నష్టం, కొన్నవాడికి మోసం. ఈ ఇద్దరినీ కాపాడడానికే ట్రేడ్‌మార్కు చట్టం.

తరగతిని రెండు పక్షాలు చేశాను. కంపెనీ పక్షాన ఒక పిల్లవాడు లేచి, “నూరేళ్లకు పైగా మేం ఆ గుర్తుతోనే పట్టీలు అమ్ముతున్నాం. మీ అమ్మగారే సంతకం పెట్టింది. సేవ చేసుకోండి, మేం వద్దనలేదు. మా అంగడి ఎదురుగా అంగడి పెడితే ఎట్లా?” అన్నాడు. రెడ్‌క్రాస్ పక్షాన ఒక అమ్మాయి, “మీ కంపెనీ పుట్టకముందే మా గుర్తు ఉంది. వచ్చిన డబ్బు వరద బాధితులకే పోతుంది, ఎవరి జేబులోకీ పోదు” అంది. నిజం కోర్టులో నడిచిన వాదం కూడా ఇంచుమించు ఇదే. కంపెనీ ఆ సరుకంతా నాశనం చేయించాలనీ నష్టపరిహారం ఇప్పించాలనీ అడిగింది. రెడ్‌క్రాస్ పెద్దలు ఇది సిగ్గుమాలిన పని అని మండిపడ్డారు. అంతకుముందు రెడ్‌క్రాస్‌కు విరాళాలిచ్చినవాళ్లలో ఆ కంపెనీ కూడా ఉందన్నది ఇందులో ఇంకో విచిత్రం.

2008 మే నెలలో జడ్జి జెడ్ రాకాఫ్ ప్రధానమైన విషయంలో రెడ్‌క్రాస్ వైపు తీర్పు చెప్పారు. చట్టం రెడ్‌క్రాస్‌కు ఇచ్చిన హక్కులో ఇలా వ్యాపారానికి అనుమతులివ్వడం కూడా ఇమిడి ఉందనీ, పాత వాడకందారుగా కంపెనీకి దొరికిన మినహాయింపు రెడ్‌క్రాస్‌నే అడ్డుకునే ఆయుధం కాదనీ ఆ తీర్పు సారాంశం. జూన్‌లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ఇద్దరూ గుర్తును వాడుకుంటూ పోవచ్చని తేలింది.

తీర్పు చెప్పాక రెడ్‌క్రాస్ పక్షం పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ వెనక బెంచీలోంచి ఒకడు, “సార్, గోరు కత్తిరించేదాని మీద ఆ గుర్తు ఎందుకు సార్? దాని మీద ఎవుడు కాలుస్తాడు?” అన్నాడు. తరగతంతా నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు వాదాలన్నింటిలో అదే గట్టి వాదం అనిపించింది. కంపెనీ గెలిచినా, సంస్థ గెలిచినా, యుద్ధంలో ప్రాణం కాపాడే గుర్తు ధర చీటీ పక్కన కూర్చుంది. నష్టం ఆ గుర్తుకే.

వాహనం మీద వేయకూడదు

ఈ కేసు వెనక ఒక చిన్న విషయం ఉంది. చాలామంది దాన్ని గమనించరు. 1949 నాటి జెనీవా ఒప్పందంలోని 53వ అధికరణం ప్రైవేటు వ్యక్తులు, వ్యాపార సంస్థలు ఈ గుర్తు వాడడాన్ని ఎప్పుడైనా సరే నిషేధిస్తుంది. అమెరికా 1955లో ఆ ఒప్పందాన్ని ఆమోదించేటప్పుడు, 1905కు ముందునుంచి వాడుతున్నవాళ్లను కాపాడడానికి ఒక షరతు పెట్టింది. కానీ ఆ షరతుకే ఒక హద్దు గీసింది. పాత వాడకందారులు సరుకు మీద వేసుకోవచ్చు గానీ విమానాల మీద, ఓడల మీద, వాహనాల మీద, కట్టడాల మీద, నేల మీద ఆ గుర్తు వేయకూడదు.

ఎందుకో ఆలోచించండి. పైనుంచి బాంబు వేసేవాడికి, దూరంనుంచి తుపాకి గురిపెట్టేవాడికి కనబడేవి అవే. అక్కడ ఆ గుర్తు అబద్ధమైతే రేపు నిజమైన అంబులెన్సును కూడా ఎవరూ నమ్మరు. నూరేళ్ల హక్కున్న మహా కంపెనీకే దొరకని అనుమతి అది.

ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేట బజారులోనో బంగారుపేట స్టేషను ముందో కోలారు బస్టాండులోనో ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. క్లినిక్ బోర్డు మీద ఎర్ర ప్లస్, మందుల దుకాణం తలుపు మీద ఎర్ర ప్లస్, కారు అద్దం మీద ఎర్ర ప్లస్. ఎవరిదీ చెడు ఉద్దేశం కాదు. వైద్యం అంటే ఆ గుర్తే అనుకుంటున్నారు. నేనూ అలా అనుకునే బడి పెట్టె మీద వేశాను.

మన చట్టం చెప్పేది

మన దేశంలో ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ 1920 నాటి చట్టంతో ఏర్పడింది. దానికి రాష్ట్రపతి అధ్యక్షులు. 1949 జెనీవా ఒప్పందాలను భారతదేశం 1950లో ఆమోదించి, వాటి అమలు కోసం 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. అందులో 12వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా తెల్ల నేపథ్యం మీద ఎర్ర ప్లస్ గుర్తును గానీ, రెడ్‌క్రాస్ అన్న పేరును గానీ, చూసినవాళ్లు అదేనని పొరబడే గుర్తును గానీ ఎవరూ ఏ పనికీ వాడకూడదు. డాక్టరైనా, ఆస్పత్రి అయినా, బడి అయినా. తప్పితే రూ.500 దాకా జరిమానా, గుర్తు వేసిన సరుకు జప్తు అని 13వ సెక్షన్‌లో రాశారు. ఈ రోజుల్లో అయిదువందలకు ఎవరు భయపడతారు? ఈ చట్టం నిలిచేది జరిమానాతో కాదు, తెలిసినవాళ్లు పాటించడంతో.

ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. కాంట్రాక్టు కార్మికుల కోసం 1971లో చేసిన కేంద్ర నియమాలు పనిచోట ఉంచే ప్రథమ చికిత్స పెట్టె మీద తెల్ల నేపథ్యంలో ఎర్ర ప్లస్ గుర్తు ఉండాలని చెప్పాయి. అంటే ఒక చట్టం వద్దన్నదాన్ని ఇంకో నియమం వేయమంది. మా నాయన చెప్పిన గని పెట్టెల మీద కూడా ఆ గుర్తు ఉండడానికి కారణం ఇలాంటి అలవాటే. ఇప్పుడు ప్రథమ చికిత్సకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వేరే గుర్తు నిర్ణయించింది. ఆకుపచ్చ నేపథ్యం మీద తెల్ల ప్లస్. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. కొత్తగా పెట్టె తయారుచేసే బడి ఇదే వేసుకుంటే చిక్కు లేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. జూనియర్ రెడ్‌క్రాస్ యూనిట్ ఉన్న బడులకు ఆ గుర్తు విషయంలో సొసైటీ నియమాలు ఉంటాయి, జిల్లా శాఖను అడిగి నడుచుకోండి. లేని బడులు ఎర్ర గుర్తు జోలికి పోవద్దు. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు బజారుకు తీసుకుపోయి ఆ గుర్తు ఎక్కడెక్కడ కనబడిందో రాయించండి. దుకాణదారులను తప్పుపట్టించవద్దు. ఊరికే లెక్క రాయిస్తే చాలు. ప్రశ్నలు వాళ్లకే పుడతాయి.

మా పెట్టెకు ఆగస్టులో రంగు మార్చాం. గరుకు కాగితంతో నా ఎర్ర గుర్తును రుద్ది తీసేసింది మోకాలు చీరుకున్న ఆ పిల్లవాడే. ఆకుపచ్చ రంగు వేసి, తెల్ల ప్లస్ గీసి, కింద తెలుగులోనూ కన్నడంలోనూ ‘ప్రథమ చికిత్స’ అని రాశారు. దూది, గాజు గుడ్డ, అంటించే పట్టీలు, కత్తెర, యాంటీసెప్టిక్ ద్రవం పెట్టాం. మూత లోపలివైపు ఒక కాగితం అంటించాం. ప్రతి నెలా మొదటి సోమవారం లోపల ఏమున్నాయో లెక్కచూసి అందులో రాసి సంతకం పెట్టాలి. ఆ పని ఆరోజు పెట్టె పట్టుకొచ్చిన అమ్మాయిది. పోయిన నెల పట్టీలు మూడే మిగిలాయని రాసి, కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, కొనే దాకా పక్కనే నిలబడింది.